నాలుగో లేను మహిమ

మా మరిది ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే "లేపుతాడు" అని ఊరుకుంటాను. అడిగినవాళ్లు తెల్లమొహం వేస్తారు. నాకదో సరదా. తర్వాత జాలేసి అసలు సంగతి చెప్తాను. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు లోపల ప్రాసెసర్లన్నీ నిద్రలో ఉంటాయట. ముందు ఒకటి లేస్తుంది. అది మిగతావాటిని లేపాలి. లేపడమొక్కటే కాదు, దేని గడియారం దానికుంటుంది గనక, అన్నీ కలిసి ఒకే టైం చెప్పేలా మొదట్లోనే సరిచేయాలి. కెర్నెల్ అని ఒకటుంటుంది, మిషన్‌కి గుండెకాయ లాంటిది. అందులో ఈ లేపే ముక్క, గడియారాలు కలిపే ముక్క మా మరిది రాస్తాడు. అందుకే ఆఫీసులో అతన్ని 'మేలుకొలుపు' అంటారు. ఇంట్లో మాత్రం ఆ మేలుకొలుపును లేపడానికి నేను మేడమెట్ల కింద నిలబడి ఈల ఊదాలి.

ఈల ఎక్కడిదంటారా, అది నా మెడలోనే ఉంటుంది. ఊరి స్విమ్మింగ్ పూల్‌లో నేను కోచ్‌ని. గొంతు పెద్దది, కోపం ముక్కుమీదే. పిల్లలు నన్ను చూసి భయపడతారని వాళ్ల అమ్మలు చెప్తుంటారు. పడనీ. భయం ఉంటేనే కాళ్లు ఆడతాయి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అతను స్కూల్లో ఉన్నాడు. గోడకు అతుక్కుని నిలబడి, వదినంటే కరుస్తుందేమోనన్నట్టు చూశాడు. వారం తిరక్కుండా దగ్గరికొచ్చి, "వదినా, నీకు ఈత వచ్చట కదా, నాకు నేర్పుతావా?" అన్నాడు. సరేనన్నాను. ఇప్పటికీ నేర్పుతూనే ఉన్నాను. కాళ్లు ఆడించమంటే చేతులు ఆడిస్తాడు, చేతులు ఆడించమంటే ఆలోచిస్తాడు. నీళ్లలో పడేసిన బిందెలా తేలడం ఒక్కటే ఒంటబట్టింది.

అబద్ధం ఆడడం కూడా చేతకాదు. నేను చేసిన కూర బాగాలేకపోతే "కంచం బాగుంది వదినా" అంటాడు. పెళ్లి చేసుకోవయ్యా బాబూ అంటే "ఈ వెర్షన్ అయిపోనీ" అంటాడు. ఆ వెర్షన్ అయిపోతుంది, ఇంకోటి మొదలవుతుంది. మా ఆయన, అంటే వాళ్ల అన్నయ్య, ఈ విషయంలో నోరెత్తరు. తమ్ముడికి పెళ్లయితే సాయంత్రాలు చదరంగానికి తోడు దొరకదని ఆయన బాధ.

మేడమీది గది అతనిది. బల్లనిండా మూతల్లేని పచ్చ అట్టముక్కల్లాంటి బోర్డులు, వాటి మీద మిణుకుమిణుకుమనే దీపాలు, తీగలు. ఒకసారి మంచిపని చేద్దామని తడిగుడ్డతో దుమ్ము తుడిచాను. కిందికొచ్చి నాకో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "వదినా, నువ్వు అలిసిపోయావు. ఇంక ఎప్పుడూ పైన తుడవద్దు" అన్నాడు. అతని కోపం అంతే. ఇంకొకరైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు.

ఆ గదిలోకి అడ్డూ ఆపూ లేకుండా వెళ్లేది మా అమ్మాయొక్కతే. నడక కంటే ముందు ఈత వచ్చిందని దాన్ని మేమందరం చేపపిల్ల అంటాం. పొద్దున్నే తలుపు తోసి "నీ పిల్లలు లేచారా బాబాయ్?" అని అడుగుతుంది. "ముగ్గురు లేచారు, ఒకడు మారాం చేస్తున్నాడు" అంటాడు. బోర్డుకేసి వంగి "లే నాన్నా, లే" అని బతిమాలతాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

ఇలా ఉండగా వాళ్ల కంపెనీ ఈతపోటీల కోసం ఒక పెట్టె తయారుచేసింది. హారన్ మోగగానే టైం మొదలవుతుంది. ఒక్కో లేను, అంటే ఒక్కరు ఈదే దారి, దాని చివర గోడకు ఒక పలక ఉంటుంది, ఈదేవాళ్ల చెయ్యి దానికి తగిలితే ఆ లేను టైం ఆగి, బోర్డు మీద పడుతుంది. లోపల నాలుగు ప్రాసెసర్లు, మా పూల్‌లో నాలుగు లేన్లు, లేనుకొకటి. ఆ పెట్టె మా పూల్‌కి తెప్పించమని మేనేజర్ గారి ప్రాణం తీసింది నేనే. మా మరిది రాసిన ముక్క అందులో ఉందని నాకు గర్వం, ఎందుకు దాచాలి?

పెట్టె వచ్చిన కొన్నాళ్లకు పిల్లల్లో ఒక మాట పుట్టింది. నాలుగో లేనుకు ఏదో మహిమ ఉందని. అందులో దిగినవాళ్లే గెలుస్తున్నారని. కొందరు ఆ మెట్టును ముద్దుపెట్టుకుని మరీ దిగేవాళ్లు. నేను కొట్టిపారేశాను. ఎందుకంటే నాకొక అలవాటుంది. నాలుగో లేను గట్టు పక్కనే ఉంటుంది, నేను దాని వెంబడే నడుస్తూ అరుస్తాను. అందుకని ఏ వారం ఎవరు బాగా ఈదుతుంటే వాళ్లను ఆ లేనులో వేస్తాను. బాగా ఈదేవాళ్లు గెలవక ఏంచేస్తారు? మహిమా లేదు, మన్నూ లేదు, నా అరుపుల మహిమ అన్నాను.

ఆ నెలలోనే పెద్ద పోటీలకు వెళ్లే జట్టులోకి మా పూల్ నుంచి ఒక్క అమ్మాయిని తీసుకునే పోటీ జరిగింది. చేపపిల్ల నాలుగో లేనులో దిగింది. రెండో లేనులో బేకరీ ఆవిడ కూతురు. ఇద్దరూ ప్రాణం పెట్టి ఈదారు. బోర్డు మీద మా పిల్ల ముందు, బేకరీ పిల్ల వెనక, తేడా కంటికి ఆనేది కాదు. జట్టులో చోటు మా పిల్లకు వచ్చింది. నేను వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా చెప్పుకొచ్చాను. చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాను. మా మరిది దానికి కొత్త కళ్లద్దాలు, నీళ్లలో పెట్టుకునేవి, కొనిచ్చాడు. అది వాటిని పెట్టుకునే పడుకుంది.

తర్వాత పూల్‌లో పిల్లల తల్లిదండ్రులకు సరదా పోటీలు పెట్టాం. మందుల షాపాయన, ఇంకో ఇద్దరు నాన్నలు, నాలుగో లేనులో మా మరిది. మా ఆయన నడుంనొప్పి అని తప్పించుకుని తమ్ముణ్ణి తోశారు. ఆ పోటీ చూడవలసిందే. పూల్‌లో నీళ్లు సగం గట్టుమీద ఉన్నాయి. ఎలాగో ఒకలాగ అందరూ అవతలి గోడ చేరారు. మందుల షాపాయన, మా మరిది ఇంచుమించు ఒక్కసారే తాకారు. బోర్డు చూస్తే గెలిచింది మా మరిది.

నేను ఈల ఊది గంతులేశాను. ఇన్నేళ్ల నా చదువు చెప్పడం వృథా పోలేదనుకున్నాను. మేనేజర్ గారు ప్లాస్టిక్ బకెట్ బహుమతి తెచ్చారు. మా మరిది నీళ్లలోంచి రాకుండా గోడ పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమయ్యా, కాలు పట్టేసిందా?" అన్నాను.

"నేను గెలవలేదు వదినా."

"బోర్డు చూడు, కళ్లు కనిపించడం లేదా?"

"బోర్డు కాదు. ఆయన చెయ్యి ముందు తగిలింది. నేను పక్కనుంచి చూశాను. ఆ తర్వాతే నా చెయ్యి తగిలింది."

మందుల షాపాయన "పోనిద్దురూ, బకెట్టే కదా" అని నవ్వాడు. మా మరిది బకెట్ ఆయన చేతిలో పెట్టి, ఒళ్లు తుడుచుకోకుండానే పెట్టె ఊడదీసి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. గెలిచినందుకు కుమిలిపోయిన మనిషిని నేను అదే చూడడం.

ఆ పెట్టె పైగదిలో బల్ల ఎక్కింది. రోజులు గడిచాయి. భోజనానికి పిలిస్తే వస్తాడు, తింటాడు, ఏం తిన్నాడో తెలియదు. ఒకరోజు ఉప్పు వేయని పప్పు పెట్టాను. ఏమీ అనలేదు, కంచం సంగతి కూడా ఎత్తలేదు. అప్పుడు నాకు భయమేసింది.

"అసలు ఏమైందయ్యా దానికి?" అని పైకెళ్లి అడిగాను.

"దొరకడం లేదు వదినా. ఎవరెప్పుడు లేస్తున్నారో చూద్దామని, లేచిన ప్రతివాణ్ణీ 'లేచాను' అని తెరమీద రాయమన్నాను. అలా రాయిస్తే నాలుగు గడియారాలూ చక్కగా కలుస్తున్నాయి. ఆ రాయడం తీసేస్తే నాలుగోవాడు వెనకబడుతున్నాడు. మళ్లీ రాయిస్తే మళ్లీ బుద్ధిమంతుడు."

"ఇందులో వింతేముంది? మా పూల్ పిల్లలూ అంతే. నేను చూస్తుంటే ఈత, తల తిప్పితే కోతిచేష్టలు" అన్నాను.

అతను నావైపు అదోలా చూసి మళ్లీ తెరలోకి దూరాడు.

ఆ ఆదివారం పొద్దున మేం ముగ్గురం వంటింట్లో ఉన్నాం, నేను, మా ఆయన, చేపపిల్ల. మా మరిది మెట్లు దిగుతూ తనలో తను నవ్వుకుంటున్నాడు. హమ్మయ్య, మనిషి మనుషుల్లో పడ్డాడనుకున్నాను. వచ్చి కూచుని, బల్లమీద పెద్ద గ్లాసొకటి, చిన్న గ్లాసులు మూడు వరసగా పెట్టాడు.

"నన్ను నేను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను వదినా" అన్నాడు.

"తెలుగులో చెప్పు."

"ముందు లేచేవాడు ఈ పెద్ద గ్లాసు. పెద్దన్న అనుకో. ఎవడి గడియారం వాడు లేచినప్పుడే సున్నా నుంచి మొదలవుతుంది. అంటే ఆలస్యంగా లేచినవాడి గడియారం వెనకబడి ఉంటుంది. పెద్దన్న అందర్నీ లేపి, నలుగురూ వచ్చేదాకా తలుపు దగ్గర ఆగి, ఎవడెంత వెనకబడ్డాడో చూసి వాడి పేరున్న గడిలో రాయాలి. తర్వాత ఎవడు టైం చెప్పినా ఆ తేడా కలుపుకుని చెప్తాడు. బాగానే ఉందా?"

"ఉంది."

"పెద్దన్న లేవగానే 'నేనొచ్చాను' అని లెక్కలో ఒకటి వేసుకున్నాడు." పెద్ద గ్లాసును వేలితో కొట్టాడు. "తలుపు దగ్గర నిలబడి లెక్క మొదలుపెడుతూ 'ముందు నేను' అని ఇంకొకటి వేసుకున్నాడు." మళ్లీ కొట్టాడు. "ఇంక మూడోవాడు రాగానే లెక్క నాలుగైపోయింది. అందరూ వచ్చేశారని చూడాల్సింది చూసేసి తలుపు మూసేశాడు. నాలుగోవాడు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది. వాడి గడి ఖాళీ. తేడా ఏమీ లేదు కాబోలనుకుని వాడు పనిలోకి దిగిపోయాడు."

"మరి నువ్వు చూసినప్పుడు కలిశాయన్నావు?"

"తెరమీద రాయించాను కదా. ఆ రాతకు కాస్త టైం పడుతుంది. ఈలోపు నాలుగోవాడు కూడా వచ్చి తలుపులో దూరేవాడు."

నాకు నవ్వాగలేదు. "ఇంట్లో పెద్దవాళ్లంతా ఇంతే, తమను తాము రెండుసార్లు లెక్కేసుకుంటారు" అని మా ఆయన్ని చూశాను. ఆయన పేపరు కాస్త పైకెత్తారు. మా మరిది కూడా నవ్వాడు. నవ్వనిది చేపపిల్ల ఒక్కతే. నాలుగో గ్లాసు వైపు చూస్తోంది.

"నాలుగోవాడి గడియారం వెనక్కి ఉంటే, గోడ తాకిన టైం ముందుగా చెప్తాడు కదా బాబాయ్?"

"అవునమ్మా."

"ఆ తేడా నీళ్లలో ఎంత దూరం ఉంటుంది?"

అతని నవ్వు ఆగిపోయింది. నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి బల్లమీద పెట్టాడు. "బెత్తెడు."

అది తన రెండు వేళ్లు పెట్టి చూపించింది. "నేను గెలిచింది ఇంత" అంది. లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నాకు అప్పుడు వెలిగింది. కళ్లముందు గ్లాసులు తప్ప ఏమీ కనపడలేదు.

"దీని సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాను.

"ఆఫీసులో నిన్ననే చెప్పాను వదినా. పెట్టెలు వెళ్లిన అన్ని చోట్లకీ సరిచేసింది పంపిస్తున్నారు."

"మన పూల్ సంగతి నేను చెప్పేది. నీ ముక్క నువ్వు బాగుచేసుకో, బోర్డు తుడుచుకో, నా కూతురి జోలికి రాకు. అది పొద్దున్నే చలినీళ్లలో దిగి సంపాదించుకున్న చోటు. నీ గ్లాసుల లెక్క తప్పితే దానికి శిక్షా?"

"బేకరీ పిల్ల కూడా ఆ చలినీళ్లలోనే దిగింది కదా వదినా. రోజూ ఎదురొచ్చి గుడ్ మార్నింగ్ అంకుల్ అంటుంది. నేనేమని బదులు చెప్పను?"

ఇంకా చాలా అన్నాను. ఇంటికి శత్రువు ఎక్కడో ఉండడన్నాను. పెంచి పెద్దచేసినందుకు రుణం బాగా తీర్చుకున్నావన్నాను. అన్నీ విన్నాడు. గ్లాసులు నాలుగూ కడిగి బోర్లించి, చొక్కా మార్చుకుని మేనేజర్ గారింటికి వెళ్లాడు. అతను మా ఇంట్లో అందరికంటే నెమ్మదస్తుడు, కానీ ఆ పూట వీధిలోకి నడుస్తుంటే ఆపడానికి నా గొంతు చాల్లేదు.

పోటీ మళ్లీ పెడతామన్నారు. ఆ వారమంతా మా ఇంట్లో ఈల మోగలేదు. చేపపిల్ల పూల్‌కి వచ్చింది, ఈదింది, చెప్పినట్టల్లా చేసింది. బాబాయితో మాత్రం మాట్లాడలేదు. పైగది తలుపు తోయలేదు. అతను పొద్దున్నే లేచి, ఎవరూ పిలవకుండానే లేచి, కిందికొచ్చి కూచునేవాడు. అది పాలు తాగి అతని పక్కనుంచే బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయేది. నా కోపం రెండో రోజుకే చల్లారింది గానీ, ఆ సంగతి పైకి తేలకుండా గట్టిగా పట్టుకున్నాను. ఉప్పు సరిగ్గా వేసి వండడం తప్ప ఇంకేం చేయగలను?

పోటీ రోజున పూల్ నిండిపోయింది. సరిచేసిన పెట్టె దాని చోట్లో ఉంది. మా మరిది దాని పక్కన స్టూలు మీద కూచున్నాడు. సంగతి ఊరంతా పాకింది గనక, మొన్నటిదాకా ముద్దులుపెట్టిన నాలుగో లేను ఇప్పుడు ఎవరికీ వద్దు. బేకరీ ఆవిడైతే "మా పిల్లను అందులో వేస్తే ఊరుకోను" అని ముందే చెప్పింది. మేనేజర్ గారు నావైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు చేపపిల్ల వెళ్లి నాలుగో లేను మెట్టు మీద నిలబడింది. బేకరీ పిల్లకు మూడోది వచ్చింది.

హారన్ మోగింది. నేను గట్టు వెంబడి నడిచాను. ఈల నోట్లోనే ఉంది, ఊదడం మర్చిపోయాను. అరవడం కూడా మర్చిపోయాను. కోచ్‌ని అయితే ఇద్దరికోసమూ అరవాలి, అమ్మనైతే ఒకదానికోసమే. తేల్చుకునేలోపు వాళ్లు సగం దూరం దాటేశారు. అది అంత బాగా ఈదడం నేనెప్పుడూ చూడలేదు. బేకరీ పిల్ల కూడా అంతే. ఇద్దరి చేతులూ ఒక్కసారే గోడకు తగిలాయి. ఎవరిది ముందో ఆ చోట నిలబడ్డ నాకే తెలియలేదు, ఇంక ఎవరికి తెలుస్తుంది?

బోర్డు మీద బేకరీ పిల్ల ముందు, మా పిల్ల వెనక. ఆ బోర్డు చూపించగలిగినంతలో అన్నిటికంటే చిన్న తేడా.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మేనేజర్ గారు మెల్లగా నా పక్కకొచ్చారు. "కోచ్ గారూ, మొన్న వెనకబడ్డ గడియారాన్ని ముందుకు జరిపారు కదా. జరిపేటప్పుడు కాస్త ఎక్కువ జరిపారేమోనని అంటున్నారు. నాలుగో లేనే కదా మరి. మీరు అభ్యంతరం చెప్తే ఈ ఫలితం పక్కనపెడదాం."

ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. చెప్పకేం, నాకు ఆశ పుట్టింది. ఒకసారి తప్పిన పెట్టె ఇంకోసారి తప్పదని ఏముంది? నేను ఒక్క మాటంటే ఎవరూ కాదనరు. మా మరిది వైపు చూశాను. అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్తాడని నాకు తెలుసు. మొన్న చెప్పాడు కదా. కానీ ఈసారి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. రెండోసారి ఆ పిల్ల చోటు తన నోటితోనే తీసేయడం అతని వల్ల కాలేదు.

చేపపిల్ల ఇంకా నీళ్లలోనే ఉంది. గట్టుకు గడ్డం ఆనించి, రొప్పుతూ మమ్మల్నే చూస్తోంది. మేనేజర్ గారన్నది దానికి వినపడింది.

"మిషన్ సరిగ్గానే ఉంది సార్" అంది. "మా బాబాయి చూశాడు."

అంతమందిలో అంత గట్టిగా అంది. వారం రోజుల తర్వాత దాని నోట బాబాయి అన్న మాట రావడం అదే. మా మరిది మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నేను నోట్లోంచి ఈల తీసేశాను. బోర్డు మీద పేర్లు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే, పూల్ అవతలి గోడ దాకా వినపడేలా చదివాను. బేకరీ ఆవిడ కూతురి పేరు ముందు చదివాను.